చిప్‌కి కొలత తీసిన మా అక్క

మా అక్క మొదట దర్జీ. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు, ఆఫీసులకి వెళ్ళేవాళ్ళ ప్యాంట్లు, చొక్కాలు కుట్టేది. ఇప్పుడు అదే గదిలో, బట్టలు కత్తిరించిన అదే బల్ల మీద సర్క్యూట్ బోర్డులు తయారుచేస్తోంది. బల్ల అంచుకి మేకులతో కొట్టిన ఇత్తడి కొలబద్ద అలాగే ఉంది. దాని పక్కనే సోల్డరింగ్ ఐరన్ స్టాండు.

ఒక పనిలోంచి ఇంకో పనిలోకి ఎలా వచ్చిందంటే, ఓసారి ఆమె కుట్టుమిషను మోటారు వేగాన్ని అదుపుచేసే బోర్డు పాడైంది. రిపేరుకిస్తే ఎన్నిసార్లు పట్టుకెళ్ళినా అదే రోగంతో తిరిగొచ్చింది. అక్కకి ఒళ్ళు మండింది. తనే స్క్రూలు విప్పి, మాడిపోయిన ముక్కని పట్టకారుతో పీకి, బజారుకి తీసుకెళ్ళి "ఇలాంటిది ఇవ్వండి" అని అడిగింది. అది వేస్తే మిషను నడిచింది. కానీ పాతది ఎందుకు మాడిందో తెలిసేదాకా ఆమెకి ముద్ద దిగలేదు. అలా మొదలైంది. పాత పుస్తకాలు, ఎవరో పారేసిన రేడియోలు, వెనక డొప్ప ఊడిన టీవీలు ఇంట్లోకి రావడం మొదలుపెట్టాయి. వంటగదిలో గిన్నెల మధ్య కెపాసిటర్ల డబ్బా చూసి, "ఇవాళ ఇవే వండుతున్నావా?" అని అడిగాడట బావ.

నేను ఆమె తమ్ముణ్ణి. సోల్డరింగ్, వైరింగ్, డబ్బాలకి కన్నాలు పెట్టడం, మోతలు మొయ్యడం నా వంతు. ఎక్కడ ఏ ముక్క, ఎంత విలువది అన్నది ఆమె వంతు. ఈ పని మా ఇద్దరికీ ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పాడుచేసుకుంటూ నేర్చుకున్నాం.

కుట్టుపని మానినా అక్కకి ఆ బుద్ధి పోలేదు. దర్జీగా ఉన్న రోజుల్లో ఎవరైనా వచ్చి "నా నడుం ముప్ఫై నాలుగు" అంటే వినేది కాదు. "సరే, చేతులు ఎత్తండి" అని టేపు తీసేది. ముప్ఫై నాలుగన్నవాళ్ళలో సగం మంది ముప్ఫై ఎనిమిది ఉండేవారు. వాళ్ళు మొహమాటపడితే, "మీరు లావైపోలేదు, ఈ టేపు కుంచించుకుపోయింది" అనేది. బోర్డుల పనిలోకి వచ్చాక కూడా అంతే. రెసిస్టర్ మీద రంగు చారలు చూసి నేను విలువ చెప్తే, "మీటర్ పెట్టి చెప్పు" అనేది.

ఇంత జాగ్రత్త మనిషి ఒకే ఒక్క చోట టేపు తీయడం మర్చిపోయింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

బావ ఈతకొలనులో పనిచేస్తాడు. నీళ్ళు శుభ్రం చేయడం, మందు కలపడం, పంపులు చూసుకోవడం ఆయన పని. అక్కడ ఈత నేర్పే మాస్టారు పోటీలప్పుడు పిల్లల టైములు నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసేవారు. తడిచేతులతో రాసేసరికి అంకెలు కారిపోయి, ఎవరు ముందో తేలక గొడవలు. ఓరోజు బావ ఉండబట్టలేక, "మా ఆవిడ చేస్తుంది మాస్టారూ, వెలిగే అంకెల బోర్డు" అనేశాడు. ఇంటికొచ్చి అక్కకి ఆ సంగతి చెప్పాడు. అప్పటిదాకా మేం చేసినవన్నీ ఇంకొకళ్ళు గీసిన బోర్డులకి మరమ్మతులు, నకళ్ళు. మొదటి గీత నుంచి చివరి స్క్రూ దాకా తన సొంతమైనది ఒక్కటీ లేదు.

"పదిమందీ చూసేచోట పెడతారా?" అని మాత్రం అడిగింది.

"గోడకి, పైన. లోపలికి రాగానే అదే కనపడుతుంది" అన్నాడు బావ.

చేశాం. ఈత మొదలయ్యే గట్టున టేబుల్ మీద ఒక పెట్టె, ఎదుటి గోడ మీద అంకెల బోర్డు, రెండింటి మధ్యా గోడ పొడుగునా ఒక పొడవాటి కేబుల్. పెట్టెలో ఉన్న చిప్ అంకెల్ని సిగ్నల్‌గా తోస్తే కేబుల్‌లోంచి పోయి అవతల బోర్డు మీద వెలుగుతాయి.

చిక్కంతా ఆ తొయ్యడంలో ఉంది. ప్రతి కేబుల్‌కీ సిగ్నల్‌కి ఇంత అని అడ్డుపడే తనదైన ఓ స్వభావం ఉంటుంది, దాన్ని ఓంలలో చెప్తారు. మేం వాడింది వంద ఓంలది. తోసే చిప్‌కి కూడా లోపల కొంత అడ్డు ఉంటుంది. పుస్తకాల్లో దాన్ని అవుట్‌పుట్ ఇంపిడెన్స్ అంటారు, అక్క 'లోపలి అడ్డు' అంటుంది. కేబుల్‌దీ చిప్‌దీ ఒకటే అయితే గొడవ లేదు. చిప్‌ది తక్కువైతే సిగ్నల్ కేబుల్‌లో అటూ ఇటూ కొట్టుకుంటుంది. అప్పుడు పొట్టి ప్యాంటుకి అంచు అతికినట్టు, ఎంత తక్కువైందో అంతకి సరిపడా రెసిస్టర్ ఒకటి చిప్ పక్కనే అతకాలి.

మరి చిప్‌ది ఎంత? తయారుచేసినవాళ్ళు ఇచ్చే కాగితంలో ఆ అంకె తిన్నగా ఉండదు. నాలుగు మిల్లీయాంపుల కరెంటు లాగితే వోల్టేజిలో తేడా మహా అయితే 0.4 వస్తుందని మాత్రం రాసి ఉంది. అక్క ఒకదాన్ని ఇంకోదానితో భాగించింది. వంద వచ్చింది.

"ఒరే తమ్ముడూ, సరిగ్గా వంద! అతుకే అక్కర్లేదు. కొలిచి కుట్టినట్టుంది!" అని మురిసిపోయింది.

రెసిస్టర్ వేయాల్సిన చోట చిన్న తీగముక్క వేసెయ్యమంది. వేశాను.

ముందుగదిలో పొడవాటి కేబుల్ బదులు పొట్టి తీగతో కలిపి చూస్తే బోర్డు బంగారంలా పనిచేసింది. కొలనులో బిగించిన రోజు పిల్లలు చప్పట్లు కొట్టారు. బావ ఆ రోజంతా బోర్డు కిందే నేల తుడిచాడు.

తర్వాత బాబాయి రికార్డు కొట్టాడు.

బాబాయి అంటే మాకు చుట్టం కాదు. పొద్దున్నే ఈతకొచ్చే పెద్దాయన, అందరూ బాబాయనే పిలుస్తారు. ఆయన ఈదుతుంటే పక్క వరుసలో వాళ్ళు రెండుసార్లు వెళ్ళి వచ్చేస్తారు. దారిలో ఎవరైనా కనపడితే ఆగి కుశలం అడుగుతాడు. ఆ పొద్దున ఆయన గట్టు తాకేసరికి బోర్డు మీద ఆయన టైము మాస్టారి శిష్యుల్లో అందరికన్నా చురుకైన కుర్రాడి టైముకన్నా తక్కువ చూపించింది. బాబాయి నీళ్ళలోంచి ఎగిరినంత పనిచేశాడు.

"మాస్టారూ! చూశారా? ఈ వయసులో!"

"బాబాయ్, మీరు మధ్యలో ఆగి పక్క వరుసావిడతో మాట్లాడారు కదా?"

"ఆగాను. ఆగినా అంతొచ్చింది. ఆగకపోతే ఎంతొచ్చేదో మీరే ఆలోచించండి!"

కొలనంతా పడీపడీ నవ్వింది. అక్కకి కబురు తెచ్చిన బావ కూడా నవ్వుతూనే తెచ్చాడు. అక్క నవ్వలేదు. ఆ సాయంత్రమే ఇంకోటి జరిగింది. బాగా ఈదే ఒక అమ్మాయికి బోర్డు బాబాయి మామూలు టైము చూపించింది. ఆ పిల్ల ఈత కళ్ళజోడు తీసి విసిరేసి ఏడుస్తూ బట్టలు మార్చుకునే గదిలోకి పోయింది.

మాస్టారు అక్కని పిలిపించారు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"బాబాయి సంగతి నవ్వి వదిలేస్తానమ్మా. పిల్లల విషయంలో వదల్లేను. ఆదివారం పోటీలు. శనివారం దాకా చూస్తాను. బాగైతే సరే, లేదంటే దింపించి మళ్ళీ సుద్దముక్క పట్టుకుంటాను. ఏమనుకోకు."

"అనుకోను మాస్టారూ" అంది అక్క.

బావ మాత్రం చెమ్మ వల్లే అని తేల్చేశాడు. "నీళ్ళ పక్కన కరెంటు సామాను పెడితే ఇంతే. అందరికీ అదే చెప్తున్నా. రోజూ అక్కడ తిరగాల్సింది నేను కదా, కాస్త నా మొహం కూడా చూడు" అన్నాడు. నిజంగా చెమ్మేనేమో అని ప్లగ్గులన్నీ మార్చాం, డబ్బా మూతకి రబ్బరు అంచు వేశాం, కరెంటు వేరే లైనులోంచి ఇచ్చాం. ఎన్ని చేసినా బోర్డు కాసేపు బుద్ధిగా ఉండేది, మళ్ళీ ఏదో ఒక అంకె ఎగిరేది.

నాకు విసుగొచ్చి ఒక ఉపాయం చెప్పాను. "అక్కా, అంకె మరీ అడ్డగోలుగా వస్తే బోర్డు దాన్ని పట్టించుకోకుండా చేసేద్దాం. పాత అంకే చూపిస్తుంది."

"చిరుగు మీద పువ్వు కుట్టి ఇచ్చెయ్యమంటావ్."

"పోనీ అలాగే అనుకో. ఆదివారం గడుస్తుందిగా."

"సోమవారం ఆ పువ్వు ఊడదా? స్కోప్ మోసుకురా" అంది.

స్కోప్ అంటే సిగ్నల్ ఆకారాన్ని తెర మీద గీసి చూపించే పెట్టె. మాది పాతది, బస్తా బియ్యమంత బరువు. దాన్ని నిచ్చెన మీదకెక్కించి బోర్డు పక్కన పెట్టేసరికి నా నడుం విరిగింది. కేబుల్ చివర తగిలించి చూశాం. సిగ్నల్ మెట్టులా లేచి నిలబడాలి. మాది పైకెగిరి, నెత్తి దాటిపోయి, సగానికి కూలి, మళ్ళీ లేస్తోంది. ఒక్క లేవడాన్ని బోర్డు అప్పుడప్పుడూ రెండుగా లెక్కపెడుతోంది. అంకెలు ఎగరడానికి కారణం అదే.

అక్క తెర వైపు చూసింది. తర్వాత నిచ్చెన మీంచే కొలను వైపు చూసింది. ఆ రోజు నీళ్ళు గజిబిజిగా ఉన్నాయి. ఈదేవాళ్ళు నోట్లోకి నీళ్ళు పోయి దగ్గుతున్నారు.

"ఏమిటండీ, ఇవాళ నీళ్ళిలా ఎగురుతున్నాయి?" అని కిందనున్న బావని అడిగింది.

"గట్టు కాలవ కడుగుతున్నాను. నీళ్ళు కిందికి దించాను. మామూలుగా అయితే అల వచ్చి అంచు మీంచి కాలవలోకి పొర్లిపోతుంది, అక్కడితో సరి. ఇప్పుడు ఉత్త గోడకి తగిలి వెనక్కొస్తోంది. వెనక్కొచ్చింది ఇటు గోడకి తగిలి మళ్ళీ అటు పోతోంది. సాయంత్రానికి నీళ్ళు నింపేస్తాలే."

"మింగే కాలవ లేదన్నమాట" అంది అక్క మెల్లిగా. నిచ్చెన దిగింది. "ఒరే, మనకీ కాలవ లేదురా. అవతలి కొసకి తగిలి వెనక్కొస్తే రానీ, అది మామూలే. బయల్దేరిన చోట దాన్ని మింగాలి. మింగట్లేదు. చిప్ లోపలి అడ్డు వంద లేదు."

"వంద అని నువ్వే కదా అన్నావ్?"

"అన్నాను. ఎవరు కొలిచారు?"

"నువ్వే లెక్కకట్టావు."

"భాగించానురా. కొలవలేదు." అని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. రెండు క్షణాలకి తనే ఫక్కున నవ్వింది. "మహా అయితే ఇంత అని రాశాడు వాడు. దాన్ని నేను సరిగ్గా ఇంతే అని చదివాను. ఈ ప్యాంటు నలభై నడుం దాకా పడుతుందని రాసి ఉంటే, వేసుకునేవాడి నడుం నలభై అనుకున్నట్టు!"

మర్నాడు మధ్యాహ్నం ముందుగదిలో కొలత మొదలుపెట్టాం. పెట్టెలోంచి ఆ చిప్ ఊడదీసి బల్ల మీద విడిగా కరెంటిచ్చాం. బావ అన్నం తినడానికొచ్చి అక్కడే నిలబడిపోయాడు.

"లోపలుండే అడ్డుని బయట్నుంచి ఎలా కొలుస్తావే? విప్పితే పగిలిపోతుందిగా?"

"మీకు కొళాయి సంగతి తెలుసుగా. ఒక్కటే తిప్పితే ధార ఎలా వస్తుంది?"

"జోరుగా."

"పక్కదాన్ని కూడా తిప్పితే?"

"తగ్గుతుంది."

"ఎంత తగ్గిందో చూస్తే గోడలో గొట్టం ఎంత ఇరుకో చెప్పగలరా లేదా?"

"చెప్పగలను. గోడ పగలగొట్టక్కర్లేదు" అన్నాడు బావ. అనేసి, "ఓహో" అని కుర్చీ లాక్కున్నాడు.

ఖాళీగా ఉన్నప్పుడు చిప్ ఐదు వోల్టులు ఇస్తోంది. అక్క దాని కాలు నుంచి నేలతీగకి, అంటే సున్నా వోల్టుల తీగకి, రెండొందల ఇరవై ఓంల రెసిస్టర్ తగిలించింది. మీటర్ 4.6కి దిగింది. అంటే 0.4 వోల్టు చిప్ లోపలే తగ్గిపోయింది. బయట రెసిస్టర్‌లో పారే కరెంటు ఇరవై ఒక్క మిల్లీయాంపులు. భాగిస్తే పంతొమ్మిది ఓంలు.

"పంతొమ్మిదా!" అన్నాను. వంద ఉండాల్సిన చోట పంతొమ్మిదంటే అది అలని మింగడం కాదు, గోడలా వెనక్కి తన్నడమే.

నేను రెసిస్టర్ల డబ్బా అందుకోబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగరా. ఇది పైకి తోసేటప్పటి కొలత. కిందికి లాగేటప్పుడు లోపల పనిచేసే ముక్క వేరే. ఎడం కాలు కొలిచి కుడికాలూ ఇంతే అనుకోకూడదు."

ఈసారి చిప్‌ని సున్నా దగ్గర పెట్టి, అదే రెసిస్టర్‌ని ఐదు వోల్టుల వైపు కట్టాం. సున్నా ఉండాల్సింది 0.35 చూపించింది. లెక్కిస్తే పదిహేడుకి దగ్గర. పైకి పంతొమ్మిది, కిందికి పదిహేడు.

"రెంటికీ ఒకటే రెసిస్టర్ ఎలా సరిపోతుంది?" అన్నాడు బావ. ఆయన తినే సంగతి ఎప్పుడో మర్చిపోయాడు.

"మధ్యలో పద్దెనిమిది పట్టుకుంటే ఎనభై రెండు అతకాలి. అటూ ఇటూ ఒక ఓం తేడా అంటే కుట్టులో దారమంత. కనపడదు."

అక్కడితో ఆగలేదు. అదే పొట్లంలో మిగిలిన చిప్‌లు కూడా ఒక్కొక్కటే పెట్టి కొలిచింది. రేపు ఇది కాలిపోయి ఇంకోటి వేయాల్సొస్తే మళ్ళీ మొదటికి రాకూడదట. అన్నీ ఇంచుమించు ఒకే చోట ఉన్నాయి. కాగితంలో రాసినంత దూరం ఏదీ పోలేదు. ఆ కాగితం అబద్ధం చెప్పలేదు. ఎంత ఎండలో పెట్టినా, ఎంత నాసిరకం ముక్క చేతికొచ్చినా ఇంతకి మించదని పూచీ ఇచ్చింది, అంతే. మనకి కావాల్సింది మన చేతిలో ఉన్నదాని కొలత.

తీరా చూస్తే డబ్బాలో ఎనభై రెండు లేదు. ఆఖరిది నేనే ఏదో రేడియోకి వేసేశాను. అక్క నన్నో చూపు చూసి, అరవై ఎనిమిది ఒకటి, పదిహేను ఒకటి తీసి వరసగా కలిపింది. మీటర్ పెడితే ఎనభై మూడు. "నడుస్తుంది. చిప్‌కి ఆనుకుని ఉండేలా అతుకు" అంది.

శనివారం సాయంత్రం కొలను దగ్గర బిగించాం. స్కోప్ మళ్ళీ నా వీపు మీదే ఎక్కింది. ఈసారి సిగ్నల్ మెట్టులా లేచి, నెత్తిన చిన్న బొడిపె చూపించి, నిలబడిపోయింది. అక్క మాస్టారి దగ్గరికెళ్ళి, "తప్పు నాదే మాస్టారూ. ఒక కొలత తీయకుండా నమ్మేశాను. ఇప్పుడు తీశాను" అని చెప్పింది.

బావ వెనక నుంచి గొణిగాడు. "చెమ్మ అని ఊరంతా చెప్పేశానే!"

"ఇప్పుడు మళ్ళీ ఊరంతా తిరిగి కాదని చెప్పి రండి. కాళ్ళకి మంచిది."

మాస్టారు తన చేతి గడియారంతో బోర్డుని పోల్చి చూడడానికి పిల్లల్ని ఈదించారు. బాబాయి కూడా దిగాడు. ఎక్కడా ఆగకుండా, ఎవర్నీ పలకరించకుండా, మొహం ఎర్రబడేలా ఈది గట్టు తాకి పైకి చూశాడు. బోర్డు ఉన్నదున్నట్టు చెప్పింది. బాబాయి చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, ఇది మొన్నటి బోర్డేనా?"

"అదే బాబాయ్."

"అయితే రిపేరులో పాడుచేశావమ్మా" అన్నాడు.

మాస్టారు నవ్వారుగానీ మాట ఇవ్వలేదు. "ఇవాళ బాగానే ఉంది. రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండాలిగా" అన్నారు. నల్లబోర్డు తుడిపించి, సుద్దముక్కల డబ్బాతో సహా టేబుల్ పక్కనే నిలబెట్టించారు. అక్క దాన్ని చూసి తలూపింది. ఆవిడ అయినా అదే చేసేది.

ఆదివారం మెట్ల మీద కూర్చోవడానికి చోటు లేదు. తల్లులు, తండ్రులు, తాతలు, తువ్వాళ్ళు, ఈలలు. నేను టేబుల్ దగ్గర పెట్టె చూసుకుంటున్నాను. అక్క నా పక్కన కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో బిగించి, ఎదుటి గోడ వైపే చూస్తోంది. మొదటి పందెం అయింది. మాస్టారు చేతి గడియారం చూశారు, బోర్డు చూశారు, మైకులో టైము చెప్పారు. రెండో పందెం కూడా అంతే. నాలుగో ఐదో పందెం నాటికి ఆయన ముందు బోర్డు చూసి, తర్వాత గడియారం చూస్తున్నారు. మధ్యాహ్నానికి గడియారం జేబులోకి పోయింది. అది పోవడం నేను చూశాను. అక్క చూడలేదు, ఆవిడ కళ్ళు గోడ వదల్లేదు.

మొన్న ఏడ్చిన అమ్మాయి ఆఖరి పందెంలో ఈదింది. జనం మెట్ల మీద లేచి నిలబడి అరిచారు. నీళ్ళు టేబుల్ దాకా చిమ్మాయి. నేను పెట్టె మీద తువ్వాలు కప్పి తలెత్తేసరికి పిల్లలంతా గట్టు పట్టుకుని రొప్పుతున్నారు. బోర్డు మీద అన్ని వరసల అంకెలూ కదలకుండా నిలబడి ఉన్నాయి. మాస్టారు మైకు అందుకుని వాటిని పైనుంచి కిందికి గడగడా చదివేశారు. నల్లబోర్డు వైపు చూడనైనా లేదు.

బావ తుడిచే కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనక వరసలో ఉన్నాడు, జనం లేచి అరుస్తుంటే ఏమీ కనపడలేదట, వినపడలేదట.

"ఏమేవ్, ఎవరు గెలిచారు? ఆ అమ్మాయేనా?"

అక్క చేతులు విప్పి, వేళ్ళు ఒకసారి విరుచుకుంది.

"ఏమోనండీ. నేను ఈత చూడలేదు" అంది. "అంకె ఒక్కటీ ఎగరలేదు."

"అయ్యో రామ! బోర్డు మీద రాసుందిగా, ఎదురుగా కూర్చుని అదైనా చదవలేదా?" అని బావ తనే పైకి చూశాడు, పెదాలు కదుపుతూ వరసలు లెక్కపెట్టాడు. "ఆ అమ్మాయే!" అని గట్టిగా అరిచి, తుడిచే కర్ర గాల్లోకి లేపాడు. దాన్నుంచి కారిన నీళ్ళు మా ఇద్దరి నెత్తినా పడ్డాయి.